కంప్యూటరుకు పునర్జన్మ

కంప్యూటరు మీట నొక్కిన క్షణం నుంచి ఆపివేసేవరకు తెరవెనుక ఒక వ్యవస్థ నిరంతరం పనిచేస్తూ ఉంటుంది. కీబోర్డు, తెర, జ్ఞాపకశక్తి, హార్డ్ డిస్కు వంటి యంత్రభాగాలకూ, మనం ఉపయోగించే ప్రోగ్రాములకూ మధ్య అది సంధానకర్త. దీనినే ఆపరేటింగ్ సిస్టం లేదా నిర్వహణ వ్యవస్థ అంటారు. విండోస్, లినక్స్ ఇటువంటివే. ఈ వ్యవస్థ చెడిపోతే యంత్రభాగాలన్నీ బాగున్నప్పటికీ కంప్యూటరు పనిచేయదు. అప్పుడు దానిని తిరిగి స్థాపించవలసి వస్తుంది.

వ్యవస్థ చెడిపోవడానికి కారణాలు అనేకం. నవీకరణ జరుగుతుండగా విద్యుత్తు పోవడం, వైరస్ సోకడం, ముఖ్యమైన ఫైళ్ళు తొలగిపోవడం వాటిలో కొన్ని. అయితే అన్ని సందర్భాల్లోనూ దోషం వ్యవస్థదే కాకపోవచ్చు. హార్డ్ డిస్కు నుంచి టకటకమని శబ్దం వస్తున్నా, ఫైళ్ళు తెరుచుకోవడానికి అసాధారణమైన జాప్యం జరుగుతున్నా డిస్కే శిథిలమవుతున్నదని అనుమానించాలి. అటువంటి డిస్కుపై వ్యవస్థను మళ్ళీ స్థాపించడం కూలబోయే గోడకు సున్నం వేయడం వంటిది.

నిర్వహణ వ్యవస్థ పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. మనం రాసుకున్న రచనలు, పరిశోధన వ్యాసాలు, కుటుంబ ఛాయాచిత్రాలు పోతే తెచ్చుకోలేము. కనుక పునఃస్థాపనలో మొదటి పని వాటిని భద్రపరచడమే. వ్యవస్థ చెడినంత మాత్రాన ఫైళ్ళు నశించవు. లినక్స్‌లోని కొన్ని రకాలను డిస్కుపై స్థాపించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడపవచ్చు. ఆ విధంగా కంప్యూటరును తెరిచి, అవసరమైన ఫైళ్ళను మరొక డిస్కులోకి నకలు చేసుకోవచ్చు. డిస్కు బిట్‌లాకర్ వంటి రక్షణలో ఉంటే 48 అంకెల పునరుద్ధరణ సంకేతం అవసరమవుతుంది. నకలు చేసిన ఫైళ్ళలో కొన్నింటినైనా తెరిచి చూసిన తరువాతే ముందుకు సాగాలి.

డిస్కును సిద్ధం చేసే ప్రక్రియను ఫార్మాట్ చేయడం అంటారు. త్వరిత పద్ధతిలో చేసే ఫార్మాట్ గ్రంథాలయంలో పుస్తకాల పట్టికను చించివేయడం వంటిది. పుస్తకాలు అరల్లోనే ఉంటాయి, కాని ఏది ఎక్కడ ఉన్నదో తెలియదు. వాటి స్థానంలో కొత్త సమాచారం చేరినప్పుడు పాతది శాశ్వతంగా పోతుంది. పొరపాటున ఫార్మాట్ జరిగితే ఆ డిస్కును వెంటనే వాడటం ఆపివేయాలనడానికి కారణం ఇదే. నేటి ఎస్‌ఎస్‌డీలలో తొలగించిన సమాచారాన్ని తిరిగి పొందడం మరింత కష్టం.

ఏ వ్యవస్థను స్థాపించాలన్నది తరువాతి ప్రశ్న. తయారీదారు మద్దతు ముగిసిన వ్యవస్థకు సాధారణంగా భద్రతా సవరణలు అందవు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా సాధనం ఉండాలి. ఇవి లేని పాత యంత్రాలకు తేలికపాటి లినక్స్ అనువైనది.

స్థాపన విధానం కష్టమైనది కాదు. మరొక కంప్యూటరులో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను, వ్యవస్థను రూపొందించిన సంస్థ అధికారిక వెబ్‌సైటు నుంచి తెచ్చిన ఫైలుతో సిద్ధం చేయాలి. యంత్రం దాని నుంచి ప్రారంభమయ్యేటట్లు అమరిక మార్చాలి. తెరపై వచ్చే సూచనలను అనుసరిస్తూ, డిస్కు భాగాన్ని ఎంచుకునేటప్పుడు మాత్రం నిదానించాలి. ఒక్క తప్పు ఎంపికతో సమాచారం ఉన్న భాగమే తుడిచిపెట్టుకుపోవచ్చు. స్థాపన పూర్తయ్యాక భద్రతా సవరణలను, యంత్రభాగాలకు కావలసిన డ్రైవర్లను చేర్చాలి.

తెలుగులో పనిచేసేవారికి ఇక్కడ మరొక సమస్య ఎదురవుతుంది. భద్రపరచిన పాత తెలుగు ఫైలును తెరిస్తే అర్థంలేని ఆంగ్లాక్షరాలు, గుర్తులు కనిపించవచ్చు. ఫైలు చెడిపోలేదు. డీటీపీ కేంద్రాల్లో విరివిగా వాడిన అను వంటి ఫాంట్లలో ఆంగ్లాక్షరాల స్థానాల్లో తెలుగు అక్షర రూపాలను అమర్చారు. ఆ ఫాంటు లేకపోతే తెలుగు రూపం కనిపించదు. కాబట్టి పాత వ్యవస్థను తొలగించక ముందే ఆ ఫాంట్లను కూడా నకలు చేసుకోవాలి. యూనికోడ్‌లో ఈ ఇబ్బంది లేదు. 1991లో వెలువడిన తొలి కూర్పు నుంచే అందులో తెలుగుకు స్థానం ఉంది. ప్రతి అక్షరానికీ ప్రత్యేక సంఖ్య ఉండటం వల్ల ఏ యూనికోడ్ తెలుగు ఫాంటుతోనైనా చదువుకోవచ్చు. పాత రచనలను యూనికోడ్‌లోకి మార్చుకొని, అక్షరదోషాలను సరిచూసుకోవడం శ్రేయస్కరం. టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును అమరికలలో చేర్చుకుంటే సరిపోతుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా ముందుజాగ్రత్త మేలు. ముఖ్యమైన ఫైళ్ళకు మూడు ప్రతులు ఉండాలని, అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలని, ఒకటి వేరొక చోట ఉండాలని నిపుణులు సూచిస్తారు. ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. తాళపత్రాలు శిథిలమవుతాయని తెలిసిన మన పూర్వులు గ్రంథాలకు మళ్ళీ మళ్ళీ ప్రతులు రాసుకున్నారు. సి.పి. బ్రౌన్ పండితులచేత అనేక తెలుగు గ్రంథాలకు ప్రతులు రాయించాడు. తాటాకు మారి కాగితం వచ్చింది, కాగితం పక్కన డిస్కు చేరింది. సాధనం ఏదైనా, ఒకే ప్రతిగా మిగిలిన రచనకు ప్రమాదం పొంచి ఉన్నట్లే.