కుక్క కరిస్తే ఎవరిని అడగాలి? పంచాయతీ బాధ్యత, పెద్దమనుషుల తీర్పు, వాడ అనుభవం

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలో నెమలి వేణుగోపాలస్వామి గుడి వల్ల చాలామందికి తెలిసిన ఊరు. తిరువూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో ఉంది. ఈ ప్రాంతమంతా మామిడి తోటలే. ఇలాంటి ఊళ్లో రెండు సంఘటనలు ఊహించుకుందాం.

మొదటిది. తెల్లవారుజామున కాయ కోతకు వెళ్తున్న దళిత మహిళను తోట కాపలా కుక్క పిక్క పట్టి కరిచింది. సాయంత్రం పెద్దమనుషులు కూర్చున్నారు. "పోనీలే అమ్మా, సూది మందు డబ్బులు ఇప్పిస్తాం, మళ్లీ అదే తోటకు పనికి పోవాల్సిన దానివి" అన్నారు. అంతటితో అయిపోయింది.

రెండోది. అదే వారం కాలనీలో తిరిగే కుక్క ఊళ్లో ఓ పిల్లాడిని కరిచింది. "రేపటికల్లా ఆ కుక్క కనపడకూడదు" అని కాలనీ వాళ్లకు కబురొచ్చింది. ఆ కుక్కకు యజమాని లేడు. అయినా కాలనీ మొత్తం దానికి జవాబుదారీ అయింది.

ఈ రెండూ కల్పితాలే. కానీ స్థానిక సంస్థలకు అందే ఫిర్యాదుల మీద పరిశోధన చేస్తున్న నాకు, ఇలాంటి వివాదాల్లో మొదట తేలేది కుక్క ఎంత ప్రమాదకరమన్నది కాదు, అది ఎవరి కుక్క, కరిచింది ఎవరిని అన్నదే అనిపిస్తుంది. చట్టం అలా చూడమని చెప్పలేదు. మరి ఏం చెప్పింది?

ముందు ఆసుపత్రి

తగాదా సంగతి తర్వాత. రేబీస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ప్రపంచ రేబీస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కరిచిన వెంటనే పారే నీటితో, సబ్బుతో గాయాన్ని 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు వేయించుకోవాలి. చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా గాయం చుట్టూ ఇవ్వాలి.

రోజు కూలికి నాలుగుసార్లు ఆసుపత్రి అంటే నాలుగు రోజుల కూలి పోయినట్టే, దారి ఖర్చు అదనం. చివరి డోసు మానేసేది అందుకే. పెద్దమనుషులు ఇప్పించే "సూది మందు డబ్బుల్లో" ఈ లెక్క ఉండదు. ఓపీ చీటీ, టీకా కార్డు పారేయకండి. రేపు మీ దగ్గర ఉండే మొదటి సాక్ష్యం అదే.

వీధి కుక్క అయితే

యజమాని లేని కుక్క విషయంలో బాధ్యత స్థానిక సంస్థది. పట్నంలో మున్సిపాలిటీ, ఊళ్లో గ్రామ పంచాయతీ. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద 2001లో కుక్కల సంతాన నియంత్రణ నియమాలు చేశారు. వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్త నియమాలు వచ్చాయి. వాటి సారం ఇది: కుక్కను పట్టాలి, సంతాన నియంత్రణ ఆపరేషన్ చేయాలి, రేబీస్ టీకా వేయాలి, పట్టిన చోటే వదలాలి. పక్క ఊరి పొలిమేరలోనో, కాలనీ చివరనో దించి రావడం పరిష్కారం కాదు, నియమోల్లంఘన.

పిచ్చికుక్క అన్న అనుమానం ఉంటే దారి వేరు. ఫిర్యాదు రాగానే దాన్ని పట్టి, పశువైద్యుడితో, జంతు సంక్షేమ సంస్థ ప్రతినిధితో పరీక్ష చేయించాలి. రేబీస్ ఉండే అవకాశం ఎక్కువని తేలితే సహజంగా చనిపోయేదాకా విడిగా ఉంచాలి. కుక్కలకు తిండి పెట్టే చోటు మీద తగాదా వస్తే తేల్చడానికి ఓ కమిటీని కూడా ఈ నియమాలే చెప్పాయి.

2025లో సుప్రీంకోర్టు ఇందులోకి దిగింది. ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల బెంచి ఢిల్లీ ప్రాంతంలోని వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల బెంచి దాన్ని సవరించింది. ఆపరేషన్, టీకా అయిన కుక్కలను పట్టిన చోటే వదలాలి, రేబీస్ ఉన్నవి, అనుమానం ఉన్నవి, దూకుడుగా మీద పడేవి మాత్రం వదలకూడదు అంది. కేసు పరిధిని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలవద్దని ఆదేశించింది. మన పిల్లలు చదివే సర్కారు బడికి ప్రహరీ లేకపోతే, ఈ ఆదేశాన్ని చూపించి అడగవచ్చు.

యజమాని ఉంటే

తోట కుక్క, ఇంటి కుక్క వీధి కుక్కలు కావు. వాటికి టీకా, సంతాన నియంత్రణ యజమాని బాధ్యత. తన జంతువు వల్ల మనిషి ప్రాణానికి ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 289 ఇదే. అంటే పెద్దమనుషుల దయతో పని లేదు, నేరుగా పోలీసు స్టేషన్‌కు పోవచ్చు.

అంతగా తెలియని దారి ఇంకొకటి ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్, పాత సీఆర్‌పీసీ 133. ప్రమాదకరమైన జంతువును కట్టడి చేయమని దాని యజమానిని ఆదేశించే అధికారం సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కు ఇందులో ఉంది. నెమలి వాళ్లకైతే తిరువూరు ఆర్డీవో. పోలీసు నివేదిక మీదే కాదు, ఇతర సమాచారం మీద కూడా ఆయన కదలవచ్చు. ముందు గడువు పెట్టి షరతుతో ఆదేశం ఇస్తారు, యజమానికి అభ్యంతరం ఉంటే విచారిస్తారు. ఒకసారి కరిచి, మళ్లీ దారి మీదకు వదిలేస్తున్న తోట కుక్కకు పనికొచ్చే సెక్షన్ ఇది.

కుక్కను ఉసిగొల్పితే

ఇక్కడే మనం జాగ్రత్తగా చూడాలి. కుక్క కరవడం వేరు, కరిపించడం వేరు. భయపెట్టడానికి మనిషి మీదకు కుక్కను ఉసిగొల్పడం నేరపూరిత బలప్రయోగమని శిక్షాస్మృతిలోనే ఉదాహరణగా రాసి ఉంది. జంతువుతో గాయం చేయిస్తే న్యాయ సంహిత 118(1) కింద మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

బాధితులు ఎస్సీ, ఎస్టీలని తెలిసి ఆ పని చేస్తే అత్యాచారాల నిరోధక చట్టం 3(2)(వీఏ) సెక్షన్ వర్తించే అవకాశం ఉంది. ఈ గాయపు నేరం (పాత ఐపీసీ 324) ఆ చట్టం షెడ్యూలులో ఉంది. కులం పేరుతో అందరి ముందు తిడితే 3(1)(ఎస్). ఉమ్మడి దారిలో నడవకుండా అడ్డుకుంటే 3(1)(జడ్‌ఏ). ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఏ సెక్షన్ చెబుతోంది.

అయితే ప్రతి కుక్కకాటూ అత్యాచారం కేసు కాదు. గేటు తెరిచి ఉండి కుక్క బయటికొస్తే అది నిర్లక్ష్యం, 291 చాలు. ఉద్దేశం ఉందా, "ఉసికో" అన్న మాట ఎవరైనా విన్నారా, అంతకు ముందు ఆ దారి మీద గొడవ ఉందా అన్నవి ముందే రాసి పెట్టుకోవాలి. తొందరపడి పెట్టిన బలహీనమైన కేసు రేపు వచ్చే బలమైన కేసును కూడా దెబ్బతీస్తుంది.

చంపే పని ఎవరికి చెబుతారు?

కుక్కల మీద కోపం ముదిరినప్పుడు కొన్ని చోట్ల మందు పెట్టడమో, కాల్చడమో జరుగుతోంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో దాదాపు 20 కుక్కలను కాల్చి చంపారు. జంతువును చంపినా, విషం పెట్టినా న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. నోటి మాటగా చెప్పేవారు ఒకరు, చేతులతో చేసేవారు ఇంకొకరు. కేసు నమోదైతే మొదట దొరికేది ఆ చేతులే. పారిశుద్ధ్య కార్మికులు ఇలాంటి పనికి ఒప్పుకోకూడదు, కుక్కలను పట్టమన్నా రాతపూర్వక ఆదేశం, శిక్షణ, చేతి తొడుగులు, ముందస్తు రేబీస్ టీకా అడగాలి.

చచ్చిన కుక్కను ఈడ్చేయడానికి వాడ వైపు కబురు పంపే అలవాటు ఇంకా పోలేదు. ఎస్సీ, ఎస్టీలతో కళేబరాలు మోయించడం 2015 సవరణ తర్వాత 3(1)(ఐ) కింద నేరం. కళేబరాలు, చెత్త తెచ్చి దళితుల ఇళ్ల ముందు పోస్తే 3(1)(బి), అవమానించడానికో బాధించడానికో వారి పరిసరాల్లో పోస్తే 3(1)(సి).

చెత్త సంగతి చిన్నది కాదు. మాంసం వ్యర్థాలు, హోటళ్ల ఎంగిళ్లు పడేసే చోటుకు కుక్కలు గుంపులుగా చేరతాయి. ఆ చోటు కాలనీ పక్కన ఎందుకుంది అన్నది పంచాయతీ తీసుకున్న నిర్ణయం. కుక్కలను పట్టుకుపోయినా ఆ కుప్ప అక్కడే ఉంటే కొత్తవి వస్తాయి. ఊరవతల ఉండమని, కుక్కలు గాడిదలే వారి ఆస్తి అని చండాలుల గురించి మనుస్మృతి పదో అధ్యాయం రాసింది. ఈరోజు చెత్తకుప్పకు స్థలం చూసేటప్పుడు ఎవరూ ఆ పుస్తకం తెరవరు. తెరవకుండానే అదే స్థలం దొరుకుతుంది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల గుంపు దాడికి నాలుగేళ్ల పిల్లాడు చనిపోయాడు. తండ్రి వాచ్‌మన్, పని చేసే చోటికి బిడ్డను వెంట తెచ్చుకున్నాడు. తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2024 జులైలో జవహర్‌నగర్‌లో ఏడాదిన్నర పిల్లాడు ఇలాగే పోయాడు. ప్రహరీ, గేటు, కారు ఉన్నవాళ్లకు ఈ ప్రమాదం దూరం. కుక్కల ప్రేమికులకూ కుక్కల వ్యతిరేకులకూ మధ్య టీవీల్లో జరిగే చర్చలో ఈ పిల్లల ఇళ్ల నుంచి మాట్లాడేవాళ్లు అరుదు.

నష్టపరిహారం

పంజాబ్ హర్యానా హైకోర్టు 2023 నవంబరులో ఒక లెక్క కట్టింది: పంటి గాటుకు కనీసం 10 వేలు, కండ ఊడితే ప్రతి 0.2 సెంటీమీటర్లకు కనీసం 20 వేలు. ప్రధాన బాధ్యత ప్రభుత్వానిదే అంది. కేరళలో పరిహారం తేల్చడానికి 2016లో సుప్రీంకోర్టు జస్టిస్ సిరిజగన్ కమిటీని వేసింది. ఆ తీర్పు మన రాష్ట్రాన్ని కట్టిపడేయదు, కానీ మన హైకోర్టులో వాదనకు ఆధారంగా చూపవచ్చు. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి.

ఊళ్లో మనం చేయగలిగింది

ఫిర్యాదు నోటితో వద్దు, కాగితం మీద రాయాలి. తేదీ, సమయం, స్థలం, కుక్క గుర్తులు, యజమాని ఉంటే ఆ వివరం, సాక్షుల పేర్లు ఉండాలి. ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి సచివాలయంలోని పశుసంవర్ధక సహాయకులకు ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వాలి.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. గత మూడేళ్లలో ఎన్ని కుక్కలకు ఆపరేషన్, టీకా చేశారు, ఎంత ఖర్చు పెట్టారు, ఏ వీధుల్లో చేశారు అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మూడో ప్రశ్న తప్పకుండా అడగండి. పని మొదలైన వీధుల జాబితాలో కాలనీ ఎన్నో వరుసలో ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఆ జవాబు పట్టుకుని గ్రామసభకు వెళ్లండి. చెత్తకుప్ప స్థలం మార్పు, కాలనీలో టీకా శిబిరం, బడికి ప్రహరీ, ఈ మూడూ తీర్మానాల పుస్తకంలోకి ఎక్కాలి. మొదట చెప్పిన మామిడి తోట మహిళ చేతిలో ఓపీ చీటీతో పాటు ఆ తీర్మానం నకలు కూడా ఉంటే, పెద్దమనుషులు ఆమెతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.