జపాను చరిత్రకు గ్రంథముల నెంచుకొనుట

జపాను చరిత్రము నెఱుంగగోరు విద్యార్థి యే గ్రంథమును జేతబట్టినను మొదట మూడు ప్రశ్నలు వేయవలెను: ఎవరు వ్రాసిరి? ఎప్పుడు? ఎవరికొఱకు?

మన యోరుగల్లు నిజాము రాజ్యములో నుండిన కాలమున విద్యాశాఖాధిపతియగు సయ్యద్ రాస్ మసూద్ గారు 1922లో జపానున కేగిరి. అచ్చటి విద్యావిధానమును గూర్చిన వారి గ్రంథము 1923లో వెలువడెను. జపానీయులు స్వభాషలోనే శాస్త్రముల నభ్యసించుట వారికి ముఖ్యముగా దోచెను. కాని యది ప్రభుత్వమునకై వ్రాసిన నివేదిక. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున నాడు బోధనభాష ఉర్దూగా నుండెను. ఓరుగల్లు బాలురలో ననేకుల యింటిభాష తెలుగు. స్వభాష యనగా నెవరి భాష? ఈ ప్రశ్నతో జదివిననే యా గ్రంథము ఫలించును. 1945 నాటి హిరోషిమా విపత్తు దానియందు గానరాదు.

కావున నొక్క గ్రంథముతో దృప్తి నొందరాదు. జార్జి శాన్సమ్ గారి మూడు సంపుటముల చరిత్రము (1958–63) 1867తో ముగియును. మెయిజీ యుగము 1868లో నారంభమగును. ఆ తరువాతి కథకు మారియస్ జాన్సెన్ గారి 2000 నాటి గ్రంథము తోడ్పడును. పిమ్మట 1899లో వెలువడిన ఫుకుజావా యుకిచి గారి స్వీయచరిత్రమును జదువుడు. ఇంటివాని మాట వినక యింటి చరిత్రము తెలియదు గదా!