తెల్లమట్టి తొట్టిబండి

నునుపైన పత్రికాపుటపై అచ్చుపడిన వర్ణచిత్రమును చూచి ముచ్చటపడు మనము, ఆ నునుపు కాగితపు నారనుండి గాక దానిపై పలుచగా పూసిన తెల్లని మట్టినుండి వచ్చినదని సాధారణముగా ఎరుగము. ఇంగ్లండు నైరుతి కొసనున్న కార్న్‌వాల్ సీమలో, గ్రానైటు శిలయందలి ఫెల్డ్‌స్పార్ యుగయుగములుగా క్షయించి ఏర్పడిన ఈ కేయొలిన్ మట్టిని, 1746 ప్రాంతమున విలియం కుక్‌వర్దీ అను ఔషధవిక్రేత పింగాణి పాత్రలకై గుర్తించెను; కాలక్రమమున పింగాణికంటె కాగితమే దానిని అధికముగా కోరినది.

ఈ మట్టికి మొదటినుండియు నీటితో పొత్తు. తీవ్రజలధారలతో గనిగోడలను కోసి, జారివచ్చిన తెల్లని ప్రవాహమునుండి ఇసుకను, అభ్రకమును వేరుచేసి, నీటిని పిండి, భట్టీలలో ఎండబెట్టి, పొడిగానైన మట్టిని గూడ్సుబండ్లలో నింపి, వానకు తడవకుండ టార్పాలిన్ కప్పి ఫోయ్ రేవునకు పంపెడివారు. దానిని అందుకొన్న కాగితపు మిల్లు తొలుత చేయునది మరల నీటిలో కలుపుటయే! ఇంత ఇంధనమును కాల్చి తరిమిన నీటినే తిరిగి పిలుచు ఈ వృథాశ్రమను తప్పించుటకై, మట్టిని ద్రవరూపముననే మోయు తొట్టిబండి అవతరించినది.

అయితే చిక్కని బురద గొట్టములలో పారదు. కేయొలిన్ కణములు అతిసూక్ష్మమైన పలకలు. ఒకదాని అంచు వేరొకదాని ముఖమును ఆకర్షించుటచే అవి అల్లుకొని బిగిసిపోవును. స్వల్పమాత్రమున పాలీఅక్రిలేట్ లవణమును చేర్చినంతనే పలకలన్నియు ఋణవిద్యుదావేశమును దాల్చి పరస్పరము వికర్షించుకొనగా, నూటికి అరువదికి పైగా మట్టియే ఉన్నను ఆ ముద్ద మీగడవలె జారును. కావున ఈ బండి కర్మాగారముకంటె ముందు రసాయనశాలలో జన్మించినదని నా అభిప్రాయము. ఈ ద్రవము లీటరు ఒకటిన్నర కిలోలకు మించి, అనగా పెట్రోలుకు రెండింతలకు పైగా తూగును; అందుచే ఇరుసులు భరింపగల మేరకే తొట్టి పరిమాణమును నిర్ణయింపవలెను. పైగా తెల్లదనమే దాని వెల; లోపల త్రుప్పు సోకెనా, సరకు చెడును.

స్కాట్లండులోని అర్విన్‌లో 1989లో కాగితపు మిల్లు వెలసిన పిదప, కార్న్‌వాల్‌లోని బర్న్‌గల్లో నుండి అచటికి నడచిన తొట్టిబండ్లను రైలుప్రియులు ‘వెండి తూటాలు’ అని పిలిచిరి. ఇంజనీరు బ్రునెల్ 1859లో టేమర్ నదిపై నిలిపిన వంతెనను దాటి, డెవన్ ఎగుడుదారులను, ఉత్తరమున షాప్ ఎత్తులను ఎక్కి, 800 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము! నింపుడుమూతల చుట్టును ఒలికి ఎండిన మట్టి ప్రక్కలవెంట చారలు దిగి, వెండిరంగును క్రమముగా మరుగుపరచెడిది.

2006లో కార్న్‌వాల్ మట్టిగనులను నడపు ఇమెరిస్ సంస్థ కాగితపు మట్టి ఉత్పత్తిని చాలమట్టుకు బ్రెజిలునకు తరలింప నిశ్చయించినప్పుడు కార్న్‌వాల్‌లో సుమారు 800 ఉద్యోగములు పోవుటకు సిద్ధమైనవి; తరతరములుగా ఆ మట్టినే నమ్ముకొన్న ఊళ్లకది కఠినమైన దెబ్బ. పిమ్మట అర్విన్ మిల్లునకు బ్రెజిలు ద్రవమట్టి బెల్జియమునందలి ఆంట్వెర్ప్ రేవునుండి, ఇంగ్లీషు కాలువ క్రింది సొరంగముగుండా, తొట్టిబండ్లలోనే చేరసాగినది.