గురి తప్పుతోందా.. చెక్కను చూడండి!

కన్ను చెదరదు. తూటాలూ ఒకే పెట్టెలోనివే. అయినా నిన్న నడి వలయంలో పడిన గుండు నేడు పక్కకు పోతుంది. నింద షూటర్‌పై పడుతుంది. లోపం మాత్రం కొన్నిసార్లు తుపాకీ గొట్టం కింది చెక్కలో ఉంటుంది.

వెంట్రుకవాసి తేడాయే..: 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం సాధించిన 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. గొట్టం దిశ డిగ్రీలో 60వ వంతు మారితే ఆ దూరంలో గుండు 14.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. పది పాయింట్లు చేజారడానికి అది చాలు.

కారణమిదీ..: తూటా పేలగానే గొట్టం కంపిస్తుంది. ప్రతిసారీ ఆ కంపనం ఒకేలా ఉంటేనే గుళ్లు ఒకేచోట పడతాయి. గొట్టాన్ని మోసే ముందు చెక్కను ఫోరెండ్ అంటారు. అది వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఫలితంగా గొట్టంపై ఒత్తిడి మారి గుళ్లు దారి తప్పుతాయి.

ఎన్‌ఫీల్డ్ పాఠం: మన సైన్యం, పోలీసులు దశాబ్దాల పాటు వాడిన .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు ముందు చెక్క, మడమ చెక్క వేర్వేరు. ముందు చెక్క వెనుక కొస రెండు వైపులా సమానంగా ఆనకపోతే కాల్చిన ప్రతిసారీ రైఫిల్ చెక్కలో కదులుతుంది. ఇందులో నెంబర్ 4 రకంలో గొట్టం మొదట్లోనూ, మూతి వద్దా చెక్కకు ఆనాలి. మధ్యలో ఖాళీ ఉండాలి. మూతి వద్ద చెక్క గొట్టాన్ని స్వల్పంగా పైకి నెట్టాలి. నేటి రైఫిళ్లలో చాలావాటికి గొట్టం చెక్కను తాకకపోవడమే మేలు. అందరికీ ఒకే సూత్రం పనికిరాదు.

పరీక్ష ఇలా..: తూటా లేదని నిర్ధారించుకున్నాక గొట్టానికి, చెక్కకు మధ్య కాగితపు పట్టీని జరపాలి. ఖాళీ ఉండాల్సిన చోట అది చిక్కుకుంటే చెక్క ఒత్తుతున్నట్లే. గొట్టానికి పలుచగా మసి పూసి బిగించి విప్పితే తగిలే చోట చెక్కపై మచ్చ పడుతుంది. అక్కడ గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దాలి. తీసిన చెక్క తిరిగి రాదు. వదులైన చోట ఎపాక్సీ నింపుతారు. చెక్క లోపలి వైపూ నూనె పట్టిస్తే తేమ తగ్గుతుంది. ఒక్కో మార్పు తర్వాత ఐదు గుళ్లు కాల్చి ఫలితం చూడాలి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి. కాబట్టి చెక్కను చెక్కే పనిని అర్హుడైన ఆర్మరర్‌కే అప్పగించాలి. లోపాన్ని గుర్తించి చెప్పడం మాత్రం షూటర్ చేతిలోనే ఉంది.