పౌరసత్వ చర్చలో యానాది ఎక్కడ?

నెల్లూరు జిల్లా బోగోలు మండలం జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్ కట్టారు. 2024 ఆగస్టు 30న ప్రధానమంత్రి మహారాష్ట్రలోని పాల్ఘర్ నుంచి ఆన్‌లైన్‌లో దాన్ని ప్రారంభించారు. ఈ తీరానికి దేశం తరచుగా ఇలా తెర మీదే కనిపిస్తుంది. తీరం తన మాటను అదే తెర మీద దేశానికి వినిపించడం మాత్రం చాలా అరుదు.

ఇక్కడ వేటకు వెళ్లేవాళ్లలో పట్టపువాళ్లు ఎక్కువ. ఇంట్లో తమిళం మాట్లాడతారు, బడిలో తెలుగు చదువుతారు. తమిళనాడులోని కడలూరు వైపు నుంచి వచ్చే పెద్ద బోట్లు ఒడ్డు దగ్గరికి వచ్చి వలలు తెంచుకుపోతే ఎదురు తిరిగేదీ ఈ తమిళం మాట్లాడేవాళ్లే. భాషను బట్టి మనిషి ఎటువైపో తేల్చేసేవాళ్లు ఒకసారి ఈ ఒడ్డుకు వచ్చి చూడాలి. ఉప్పుటేళ్ల పక్కన పీతలు పట్టుకుంటూ, రొయ్యల గుంటలకు కాపలా ఉంటూ బతికేవాళ్లు యానాదులు. 2011 జనగణన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో 5 లక్షలకు పైగా ఉన్నారు. నెల్లూరు గిరిజనుల్లో వీళ్లే ఎక్కువ. 1970 ప్రాంతంలో రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవిని తీసుకున్నప్పుడు అక్కడి యానాదులు తమ చోటు వదులుకోవాల్సి వచ్చింది. దేశం చప్పట్లు కొట్టే ప్రతి ప్రయోగమూ వాళ్ల పాత అడవిలోంచే పైకి లేస్తుంది.

దేశానికి ఎవరి మాట వినపడుతుందో పౌరసత్వ చర్చ చూపించింది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. దాని వెంటే జాతీయ జనాభా పట్టిక మీద రగడ మొదలైంది. 2010 నాటి పట్టికకు కొత్త ప్రశ్నలు కలిపారు. వాటిలో గుచ్చుకున్నది ఒకటే: మీ అమ్మానాన్నలు ఎప్పుడు, ఎక్కడ పుట్టారు? 2020 జనవరి 4న హైదరాబాద్‌లో వీటికి వ్యతిరేకంగా మిలియన్ మార్చ్ జరిగింది. దాని పిలుపు సోషల్ మీడియాలో పాకింది. జనవరి 10న ముస్లింలు వేలాదిగా మువ్వన్నెల జెండాలు పట్టుకుని తిరంగా ర్యాలీ చేశారు. మార్చి 3న ఆంధ్రప్రదేశ్ అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి పట్టికలోని కొన్ని ప్రశ్నలు మైనారిటీల్లో అభద్రత కలిగిస్తున్నాయనీ, 2010 నాటి పద్ధతికే వెళ్లమని కేంద్రాన్ని కోరతామనీ చెప్పారు. చెప్పింది ట్విటర్‌లోనే. ఆ జూన్‌లో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. ఫోన్లలో మొదలైన మాట శాసనసభ దాకా వెళ్లిందన్నమాట. తక్కువమంది గొంతుకు ఇది చిన్న విజయమేమీ కాదు.

కానీ ఆ గొంతుకు ఒక సుంకం ఉంది. ఆ నెలల్లో ముస్లిం పేరుతో వచ్చిన పోస్టులు చాలావరకు ఒకే తీరుగా మొదలయ్యేవి: మా తాత ఈ మట్టిలోనే ఉన్నాడు, రాజ్యాంగమే మాకు దారి అంటూ. ముందు విధేయత పత్రం చూపించాలి, ఆ తర్వాతే అసలు విషయం. మిగతావాళ్లు నేరుగా విషయంలోకి దిగుతారు. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది.

ఆ సుంకం కట్టే అవకాశం కూడా లేనివాడు యానాది. అమ్మానాన్నల పుట్టిన తేదీ అడిగితే నీళ్లు నమిలేది ముస్లిం ఒక్కడే కాదు. జనన పత్రం లేక ఆధార్ రాని, ఆధార్ లేక రేషన్ అందని యానాది కుటుంబాల సంగతి ఈ జిల్లా అధికారులకు కొత్తేమీ కాదు. ఆ ప్రశ్న వాళ్లనూ అంతే గట్టిగా తాకేది. అయినా నెలల తరబడి సాగిన ఆ గోలలో వాళ్ల మాట దాదాపు వినపడలేదు.

ఎందుకని? మొదటి కారణం ఫోను. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. యానాదుల వాడలు ఇందులో ఎక్కడుంటాయో ఊహించుకోవచ్చు. రెండో కారణం సోషల్ మీడియాను నడిపే యంత్రం. ఎవరి పోస్టు కింద ఎక్కువమంది స్పందిస్తే, అంటే మెచ్చుకున్నా తిట్టుకున్నా సరే, దాన్నే అది ఇంకా పదిమందికి చూపిస్తుంది. తనవాళ్లు తక్కువున్నవాడి పోస్టు పైకి రావాలంటే ఒకటే దారి, అవతలివాళ్లు గుంపుగా వచ్చి తిట్టాలి. అలా పైకొచ్చాక ఆపాల్సిన తిట్టు ఏదో యంత్రానికి తెలియాలి కదా. 2021లో బయటపడిన ఫేస్‌బుక్ లోపలి పత్రాల మీద వచ్చిన కథనాల్లో తేలిందేమిటంటే, అప్పటికి మన 22 రాజ్యాంగ భాషల్లో దాని యంత్రాలు శిక్షణ పొందింది ఐదింటిలోనే.

నోరున్నవాడికి ఏమవుతుందో తెలుగువాళ్లకు రోహిత్ వేముల కథ చెప్పింది. గుంటూరు కుర్రాడు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి. 2015 ఆగస్టులో గొడవ రాజుకుంది ఒక ఫేస్‌బుక్ పోస్టుతోనే. రోహిత్ ఉన్న అంబేద్కర్ విద్యార్థి సంఘం వాళ్లను ప్రత్యర్థి విద్యార్థి సంఘం నాయకుడొకరు అందులో గూండాలన్నాడు. అదే నెలలో అప్పటి కేంద్ర మంత్రి బండారు దత్తాత్రేయ రాసిన లేఖలో మాట ఇంకా పెద్దదైంది, యూనివర్సిటీ దేశ వ్యతిరేక రాజకీయాలకు అడ్డా అయిందని. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయాడు. అతని ఫేస్‌బుక్ రాతలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. 2024లో పోలీసులు అతను దళితుడే కాదంటూ కేసు మూసేయబోయారు. నిరసన రేగాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. బతికుండగా దేశభక్తిని అడిగారు, పోయాక కులాన్ని అడిగారు.

నువ్వెవరని అడిగే అలవాటు ఫోన్లతో రాలేదు. జువ్వలదిన్నెకు దగ్గరి పట్నం కావలి. నేరస్త తెగల చట్టం కింద 1910లలో అక్కడ ఎరుకలకు సెటిల్‌మెంట్ పెట్టారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు నడిపారు. పేరు నమోదు, వేలిముద్ర, రోజూ హాజరు. యానాదుల్లోనూ కొందరి మీద ఆ ముద్ర పడింది. 1952లో చట్టం పోయింది. తెగకు తెగనే ఒక్క మాటతో కట్టేసే పద్ధతి పోలేదు. ఈసారి ఆ మాట పుట్టేది స్టేషన్‌లో కాదు, కామెంట్లలో.

ఇప్పుడు 2027 జనగణన వస్తోంది. కులం అడుగుతారు. ఎవరి వివరాలు వాళ్లే ఫోన్‌లో నింపుకునే వెసులుబాటూ ఉంది. జువ్వలదిన్నెలో పడవలున్న ఇళ్లలో పిల్లలెవరో ఒకరు నింపేస్తారు. రొయ్యల గుంట కట్ట మీద గుడిసెకు మాత్రం ఎన్యూమరేటరు నడిచి వెళ్లాల్సిందే. ఆ రోజు ఇంటివాళ్లు పీతల వేటలో ఉంటే, మరోరోజు మళ్లీ వెళ్లాలి.