బల్లచుట్టు మాయాలోకము

రాత్రివేళ ఒక గదిలో బల్లచుట్టు ఐదుగురు కూర్చుండియున్నారు. బల్లపై కొన్ని కాగితములు, పెన్సిళ్లు, వింత ఆకారములు గల పాచికలు తప్ప మరేమియు లేదు. వారిలో ఒకడు మెల్లగా చెప్పుచున్నాడు: "తలుపు తెరుచుకుంది. లోపల చీకటి. ఎక్కడో నీళ్లు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది." తక్కిన నలుగురును ఊపిరి బిగబట్టిరి. "నా చేతిలో దివిటీ ఆర్పేస్తాను" అని ఒకామె గుసగుసగా అనెను. గదిలోని విద్యుద్దీపము వెలుగుచునే యున్నది. అయినను ఆ క్షణమున వారందరికిని చీకటి పడినట్లే యుండును.

ఇది పాత్రధారణ క్రీడ. ఇందు ఆటగాండ్రు ఒక్కొక్కరు వీరుడనో, మంత్రగాడనో, దొంగయనో ఒక్కొక్క పాత్రను వహింతురు. ఒకరు మాత్రము తక్కిన లోకమునంతటిని వహింతురు. మన నాటక పరిభాషలో వానిని సూత్రధారుడనవచ్చును. అతడు పరిస్థితిని వర్ణించును. ఆటగాండ్రు తాము చేయదలచినది చెప్పుదురు. ఫలితము సందిగ్ధమైనచో పాచిక తేల్చును. అదే కథ ఒకరు నడిపినచో ఆటగాండ్రు లోకము మరచెదరు, మరియొకరు నడిపినచో గడియారము చూచెదరు. ఈ భేదమునకు కారణమేమి? వర్ణన చాలలేదని తలచి దానిని పెంచువారు, సంగీతము, బొమ్మలు, వేషములు తెచ్చువారు పెక్కురు కలరు. మనశ్శాస్త్రము చూపు దారి వేరు.

ముందుగా ఈ క్రీడ పుట్టుక కొంత తెలియుట మంచిది. దీని మూలము యుద్ధవిద్యలో నున్నది. ప్రష్యా సేనాధికారి రైస్విట్స్ 1824లో ఒక యుద్ధక్రీడను ప్రచురించెను. అధికారులు తమ ఆజ్ఞలను మధ్యస్థునికి వ్రాసి యిచ్చెడివారు. ఎవరి దళమునకు ఏమి కనబడునో అంతమాత్రమే అతడు వారికి తెలిపెడివాడు. ఆ ఆటలో నియమములును పట్టికలును మెండు. వెర్డి దు వెర్న్వా అను మరియొక ప్రష్యా అధికారి 1876లో వానిని పక్కనబెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యస్థుని తీర్పునకే ఆటను విడిచెను. 1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున డేవిడ్ వెస్లీ, నెపోలియన్ కాలపు ఒక కల్పిత జర్మను పట్టణమును ఏర్పరచి, ఆటగానికి సైన్యమునకు బదులు ఒక్క మనిషి పాత్ర నిచ్చెను. ఆట అదుపు తప్పెను. అది విఫలమైనదని వెస్లీ తలచెను గాని, ఆడినవారు మరల ఆడింపుమని వెంటబడిరి. ఆ బృందమువాడైన డేవ్ ఆర్నెసన్ దానిని మాయాలోకమునకు మరల్చెను. అతడును గారీ గైగాక్సును రచించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో విస్కాన్సిన్ రాష్ట్రములోని లేక్ జెనీవా నుండి వెలువడెను.

ఇక మనసు సంగతి. 1981లో బ్రూవర్, ట్రెయెన్స్ అను ఇద్దరు పరిశోధకులు కొందరు విద్యార్థులను ఒక కార్యాలయపు గదిలో అరనిమిషము పాటు కూర్చుండబెట్టి, పిమ్మట బయటికి పిలిచి, అచట ఏమేమి చూచితిరని అడిగిరి. ముప్పదిమందిలో తొమ్మండుగురు పుస్తకములను పేర్కొనిరి. ఆ గదిలో పుస్తకములే లేవు! చదువుకొన్నవారి గది యన్నచో పుస్తకములు ఉండితీరవలెనని మనసు తానే వానిని అమర్చుకొనెను. సూత్రధారునికి ఇంతకంటె మేలైన వార్త లేదు. 'సత్రము' అను ఒక్క మాటతోనే వినువాని మనసులో బల్లలు, అరుగులు, పొయ్యి, పొగ అన్నియు వచ్చి చేరును. వానిని ఏకరువు పెట్టుట వృథా. మనసు తనంతట తాను అమర్చుకొనజాలనిది మాత్రమే చెప్పవలెను: "సత్రం నిండా జనం ఉన్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. పొయ్యిమీద కూర మాడిపోతోంది." ఈ మూడు వాక్యములు విన్నవాడు ఊరకుండజాలడు. ఏమి జరిగెనో అడిగి తీరును.

మూడు వాక్యములే యేల? ఒక్కసారిగా మనసున నిలుపుకొనగల అంశములు సుమారు ఏడని జార్జి మిల్లర్ 1956లో వ్రాసెను. వల్లెవేసికొనుటకును జతలు కట్టుకొనుటకును వీలులేనప్పుడు అవి నాలుగింటికి తగ్గునని నెల్సన్ కోవన్ 2001లో చూపెను. పది వాక్యముల వర్ణనలో అయిదవది చేరుసరికి మొదటిది జారిపోవుచుండును. అందు చిక్కుముడికి కీలకమైన తాళపుచెవి యున్నచో, ఆటగాడు దానిని మరచెనని కోపగించుట అన్యాయము.

ఊహకును చూపునకును గల చుట్టరికము మరింత వింతయైనది. 1910లో పెర్కీ అను పరిశోధకురాలు కొందరిని ఒక తెరవంక చూచుచు అరటిపండు వంటి వస్తువులను ఊహింపుమనెను. వారికి తెలియకుండ వెనుకనుండి అవే వస్తువుల మసకచిత్రములను తెరపై వేయించెను. వారు ఆ చిత్రములను తమ ఊహలేయని తలచిరి. తాను అడ్డముగా తలచిన అరటిపండు నిలువుగా కనబడెనేమని ఆశ్చర్యపడినవారును కలరు. ఊహయు చూపును మెదడులో కొంతవరకు ఒకే దారిన నడచును గనుక ఒకటి రెండవదానికి అడ్డుపడుట సహజము. 1968లో లీ బ్రూక్స్ దీనిని కొలిచెను. ఒక పెద్ద అక్షరమును మనసున ఊహించి, దాని మూలలనుగూర్చి వరుసగా జవాబు చెప్పవలెను. నోటితో చెప్పినవారికంటె, కాగితముపై గుర్తులను వెదకి వ్రేలితో చూపినవారికి చాల ఎక్కువ కాలము పట్టెను.

దీనినిబట్టి ఆటబల్లవద్ద జరుగు పొరపాటొకటి తేటపడుచున్నది. ఆటగాండ్రు తమ కాగితములలో అంకెలు వెదకుచుండగా సూత్రధారుడు గుహను వర్ణించును. వారి కన్నులు కాగితముపై నున్నవి. గుహ కట్టుకొనవలసిన చోటు ఖాళీగా లేదు. వర్ణనకు ముందు ఒక్క క్షణమాగి, అందరి కన్నులును కాగితములనుండి లేచినవని చూచుకొన్నచో చాలును. సంగీతమునుగూర్చి రెండే మాటలు: మాటలు గల పాటలు పనికిరావు, అవి వినికిడిమాటలతో పోటీపడును. వెలుతురు కొంత తగ్గించుట మంచిదే గాని, పాచికపై అంకె కనబడనంతగా తగ్గించువారికి ఏమి చెప్పుదుము!

వర్ణించుటకంటె అడుగుట మేలని తోచుచున్నది. స్లామెక్కా, గ్రాఫ్ అనువారు 1978లో, చదివిన మాటలకంటె తామే పూరించిన మాటలు మనుష్యులకు బాగుగ జ్ఞప్తియుండునని చూపిరి. "ఈ ఊరికి నువ్వు చిన్నప్పుడు వచ్చావు. అప్పుడు లేనిది ఇప్పుడు ఏం కనిపిస్తోంది?" అని సూత్రధారుడడిగిన యెడల, ఆటగాడు చెప్పిన ఎండిన చెరువును అతడెన్నటికిని మరువడు.

పాచిక సంగతి వేరు. 1974నాటి ఆటలో క్రమ ఘనరూపములైదును పాచికలైనవి: 4, 6, 8, 12, 20 ముఖములు గలవి. ఇరువది ముఖముల పాచికపై ప్రతి అంకెకును నూటికి 5 పాళ్ల అవకాశము. 1యును 20యును, నడిమి 10తో సమానముగ పడును. మూడు ఆరుముఖముల పాచికలు కలిపి వేసినచో 216 విధములు కలవు. మొత్తము 10 అగునవి 27, మొత్తము 18 అగునది ఒక్కటే. కనుక ఒంటి పాచిక ఆకస్మిక విజయములను, అపజయములను తెచ్చును. మూడు పాచికలు మధ్యస్థమునకు మరలించును. ఏ పాచికయైనను ఊపిరి బిగబట్టించునది, తప్పినచో ఏమగునో ముందే తెలిసినప్పుడు మాత్రమే. తీరికగా తాళము తెరచువానిచే పాచిక వేయించుట దండుగ, తాళము తెరచుకొన్నదని చెప్పి సాగిపోవచ్చును. కావలివాని అడుగుల చప్పుడు దగ్గరగుచున్నప్పుడు వేయింపుడు. బల్లచుట్టు నిశ్శబ్దము దానంతట అదే వచ్చును.

గారీ అలన్ ఫైన్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఈ ఆటగాండ్రను పరిశీలించి 1983లో ఒక గ్రంథము వ్రాసెను. ఆటగాడు ఒకేసారి మూడు చట్రములలో నుండునని ఆయన వివరించెను: ఇంటికి పోవలసిన మనిషి, నియమములు తెలిసిన ఆటగాడు, గుహలో నిలిచిన పాత్ర. ఒక చట్రమునుండి మరియొకదానికి దూకుట క్షణములో జరుగును. నియమమునుగూర్చి తగవు వచ్చి గ్రంథము తిరుగవేయుచు పది నిమిషములు గడపినచో పాత్ర చల్లారిపోవును. అట్టిచోట వెర్డి దు వెర్న్వా మార్గమే శరణ్యము: అప్పటికి ఒక తీర్పు చెప్పి, గ్రంథమును ఆట ముగిసిన పిమ్మట చూడవలెను.

1980 తరువాత అమెరికాలో కొందరు తల్లిదండ్రులును మతసంఘములును ఈ ఆట బాలురను భ్రమలో ముంచి ఆత్మహత్యలకు పురికొల్పుచున్నదని గగ్గోలు చేసిరి. అట్టి కారణసంబంధము ఋజువు కాలేదు. అయినను వారి భయమును నవ్వి త్రోసివేయరాదు. కథ కల్పితమైనను కొట్టుకొను గుండె నిజమైనది. ఇంట మరణము జరిగిన బాలునికి ఆటలోని శవయాత్ర ఆట కాదు. అందుచే నేడు పలు బృందములు ఏయే విషయములు వద్దో ముందే అడిగి తెలిసికొనుచున్నవి. కొన్నిచోట్ల బల్లపై గుర్తు వేసిన కార్డు నొకటి ఉంచుదురు. దానిని ఎవరు తాకినను కారణమడుగక ఆ సన్నివేశమును విడిచిపెట్టుదురు. ఇది లీనతకు భంగమని కొందరందురు. అది సరికాదు. బయటికి దారి యున్నదని తెలిసినవాడే గుహలో మరి నాలుగడుగులు లోనికి పోగలడు.

ఉపాధ్యాయులు తరగతిలో సులభముగ చేయదగిన పరీక్ష యొకటి కలదు. పైని సత్రము వర్ణనను విద్యార్థులకు కన్నులు మూసికొనుమని ఒక్కసారి వినిపించి, పిమ్మట ఆ సత్రమును గీయుమనవలెను. బొమ్మలన్నియు ప్రక్కప్రక్కన బెట్టి, చెప్పకయే వచ్చి చేరిన వస్తువులను లెక్కింపవలెను. కిటికీలు ఎన్ని బొమ్మలలో నున్నవో, దీపము ఎవరెవరు పెట్టిరో, పొయ్యివద్ద ఎవరిని నిలిపిరో చూడుడు.