తొలకరి వజ్రాన్వేషణము

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి వానలు కురిసినంతనే రాయలసీమ రైతు గొర్రు, గుంటకలను సవరించుకొని వేరుసెనగ విత్తుటకు సిద్ధపడును. అదే సమయమున కర్నూలు జిల్లాలోని తుగ్గలి, మద్దికెర ప్రాంతములకు వేఱొక జనము వచ్చి చేరును. వారి చేతిలో విత్తనపు సంచి యుండదు. సద్దిమూట వెంట దెచ్చుకొని, తలలు వంచి, నేలపై చూపు నిలిపి, చేలలో అడుగులో అడుగు వేయుచు నడతురు. జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి మున్నగు గ్రామముల పొలములలో ఏటేట కానవచ్చు దృశ్యమిది. వారు వెదకునది వజ్రము.

ఈ అన్వేషకులలో గనుల పని యెఱిగినవారు అరుదు. కూలీలు, చిన్న రైతులు, చిల్లర వర్తకులు, సెలవుపై వచ్చిన ఉద్యోగులు కూడ వీరిలో నుందురు. కొందఱు కర్ణాటక, తెలంగాణ రాష్ట్రముల నుండి వత్తురు. కొందఱికిది వినోదము, మఱికొందఱికి అప్పుల నుండి గట్టెక్కుటకు కడపటి ఆశ.

ఈ యాశ ఊరక పుట్టినది కాదు. 18వ శతాబ్దమున బ్రెజిలు దేశమున వజ్రములు బయల్పడు వఱకు లోకమునకు వజ్రములను అందించిన దేశములలో భారతదేశమే మొదటిది. అందు తెలుగునాటి గనులు సుప్రసిద్ధములు. కృష్ణాతీరమందలి కొల్లూరును గూర్చి అందఱును వినియే యుందురు. కర్నూలు సీమలో బనగానపల్లె, రామళ్లకోట, కడప సమీపమున పెన్న యొడ్డుననున్న చెన్నూరు పూర్వము వజ్రములకు పేరుగన్న తావులే. అనంతపురము జిల్లాలోని వజ్రకరూరు పేరులోనే వజ్రమున్నది.

జొన్నగిరి ప్రాంతము బంగారమునకును ప్రసిద్ధి కెక్కినది. దానికి చేరువనున్న ఎఱ్ఱగుడి గుట్టపై క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమునాటి అశోకుని శిలాశాసనములున్నవి. మౌర్యుల కాలపు సువర్ణగిరి ఈ జొన్నగిరియే యని కొందఱు చరిత్రకారుల అభిప్రాయము.

విజయనగర రాజుల కాలమున వజ్రములను రాసులు పోసి యమ్మిరనియు, నాడు దాచినవే నేడు వానలకు బయటపడుచున్నవనియు జనులు చెప్పుకొందురు. శాస్త్రజ్ఞులు చెప్పు కథ అంతకంటె విచిత్రమైనది. భూమి లోపల సుమారు 150 కిలోమీటర్ల లోతున మిక్కుటమైన వేడికిని ఒత్తిడికిని లోనై కర్బనము వజ్రముగా మాఱును. ఆ లోతునుండి శిలాద్రవము వేగముగా పైకెగసినపుడు వజ్రములు దానితో కూడ వచ్చును. అట్లు గడ్డకట్టిన రాతికి కింబర్లైటు అని పేరు. వజ్రకరూరు ప్రాంతమునగల కింబర్లైటు గొట్టములు సుమారు 110 కోట్ల యేండ్లనాటివి. ఎండకు పగిలి, వానకు కరగి ఆ రాయి మట్టియయ్యెను. గట్టివగు వజ్రములు మాత్రము అరగక, ప్రవాహములతో కొట్టుకొనిపోయి గులకరాళ్ల నడుమ నిలిచెను. వేసవి దుక్కి ఆ గులకను పైకి తెచ్చును. తొలివాన దానిపై ధూళిని కడుగును. అందుచేతనే వెదకువారు తొలకరికై కాచుకొందురు.

అయితే మెఱయునదెల్ల వజ్రము కాదు. చేలలో పలుగురాళ్లు కొల్లలుగా మెఱయుచుండును. కాఠిన్యపు కొలమానమున పలుగురాయి 7వ అంకెయందుండగా వజ్రము 10వ అంకెయందుండును. వజ్రము నీటికంటె మూడున్నర రెట్లు బరువు. సుత్తితో కొట్టినను పగులనిదే వజ్రమను నమ్మకము మిక్కిలి పొరపాటు. వజ్రము గీతకు లొంగదు గాని దెబ్బకు పగులును.

విదేశములలో ఇట్టి అన్వేషణము యంత్రముల సాయముతో జరుగుచున్నది. లోహశోధక యంత్రము తీగచుట్టలో విద్యుత్తును ప్రసరింపజేసి, నేలలోని లోహము వలన గలుగు మార్పును ధ్వనిగా తెలుపును. 1980లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున ఒకడు అట్టి యంత్రముతోనే 27 కిలోల బంగారు ముద్దను కనుగొనెను. అచ్చట వినోదమునకై వెదకువాడును ప్రభుత్వపు అనుమతి పత్రమును పొందవలెను. కాని ఆ యంత్రము తుగ్గలి చేలలో వ్యర్థము. వజ్రము లోహము కాదు గనుక యంత్రము పలుకదు. జొన్నగిరి బంగారమో, గట్టిరాతిలో కంటికానని రేణువులుగా నుండును.

మన దేశమునను కట్టుబాట్లున్నవి. 1957 నాటి ఖనిజముల చట్టము ప్రకారము అనుమతి లేక ఖనిజాన్వేషణము గాని, గని త్రవ్వుట గాని చేయరాదు. పూర్వులు భూమిలో దాచిన ధనము పది రూపాయల విలువకు మించి దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము చెప్పుచున్నది. ఎఱ్ఱగుడి వంటి రక్షిత స్థలములలో గడ్డపాఱ మోపుటయే నేరము.

చట్టముకంటె ముందు తలపవలసినవాడు చేను గల రైతు. తడిసిన దుక్కిలో వందల పాదములు పడినచో మన్ను గట్టిపడును. విత్తినది మొలవదు, మొలిచినది నిలువదు. ఏడాదికొక పంటయే ఆధారమైన సీమలో ఇది చిన్న నష్టము కాదు. కావుననే పలువురు రైతులు తమ పొలములలో ప్రవేశింపరాదని పలకలు నాటుచున్నారు.

వజ్రము దొరకినవాని కష్టమును అంతటితో తీఱదు. రాతి వెల దాని బరువు, రంగు, నిర్మలత్వములనుబట్టి యుండును. క్యారెట్టు అనగా 200 మిల్లీగ్రాములు. సానపట్టునపుడు రాతిలో ఎంత భాగము పోవునో కొనువానికి తెలియును, అమ్మువానికి తెలియదు. రహస్యముగా అమ్మువాడు సరియైన ధర అడుగలేడు. మోసపోయినను ఎవరికిని చెప్పుకొనలేడు.

ఒకనికి వజ్రము దొరకినచో ఆ వార్త నాలుగు జిల్లాలకు ప్రాకును. కూలి మానుకొని, చెట్టుక్రింద పడుకొని, పదినాళ్లు వెదకి, వట్టిచేతులతో బస్సెక్కిన వేలమంది మాట ఏ వార్తలోను రాదు. మరుసటి యేడు ప్రయాణమగువాడు రెంటిని ప్రక్కప్రక్కన నుంచి లెక్క చూచుకొనవలెను.

అయినను నేలను పరికించి చూచుట మంచి విద్యయే. 1867లో దక్షిణాఫ్రికాలో ఆరెంజి నదీతీరమున దొరకిన ఒక మెఱుపురాయి పల్లెపిల్లల ఆటవస్తువై యుండెను. అది 21 క్యారెట్లకు పైబడిన వజ్రమని పరీక్షలో తేలినది. రైతు అనుమతితో, విత్తని బీడున నడచి, పలుగురాయి యేదో, సున్నపురాయి యేదో గుర్తింప నేర్చిన బాలుడు, వజ్రము దొరకకున్నను, తన యూరి నేల చరిత్రను తెలిసికొని యింటికి చేరును. వాని రాకవలన ఎవరి చేనును చెడదు.